పాత కారు వెనక యాక్సిల్ బుష్‌లు ఇంట్లోనే మార్చుకోవడం

ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో చాలావాటికి వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే ఒక బరువైన ఇనుప బీమ్ ఉంటుంది. దాని ముందు కొసల్లో కుడివైపొకటి, ఎడమవైపొకటి పెద్ద రబ్బరు బుష్‌లు ఉంటాయి. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు పైకీ కిందికీ కదలికను చూసుకుంటాయి. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, గుంతలో పడినా వెనక చక్రాలు తమ చోటు నుంచి జరక్కుండా పట్టుకునేవి మాత్రం ఈ రెండు బుష్‌లే.

పని మొదలుపెట్టేముందు బుష్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక సన్న గొట్టం, మధ్యలో రబ్బరు. ఆ రబ్బరు రెండు గొట్టాలకూ అతుక్కుని ఉంటుంది. బయటి గొట్టం బీమ్ రింగులో బిగువుగా దిగి ఉంటుంది. లోపలి గొట్టాన్ని ఒక బోల్టు, కారు బాడీకి బిగించిన బ్రాకెట్ రెండు రెక్కల మధ్య నొక్కి పట్టుకుంటుంది. అంటే ఇందులో జారే భాగం, తిరిగే భాగం ఏదీ లేదు. చక్రం పైకి లేచినా కిందికి దిగినా ఆ కదలికంతా రబ్బరు మెలి తిరగడం వల్లనే జరుగుతుంది. ఇంట్లో మార్చిన బుష్‌లు కొన్ని నెలలకే చిరిగిపోతే దానికి కారణం తరచూ ఈ సంగతి పట్టించుకోకపోవడమే. దాని గురించి బిగింపు దగ్గర వివరంగా చెప్పుకుందాం.

బుష్ పోయిందని ఎలా తేల్చాలి

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక నుంచి దబ్‌మని ఒక మొద్దు చప్పుడు వస్తుంది. వేగంలో లేన్ మారితే ముందు భాగం తిరిగాక వెనక భాగం కాస్త ఆలస్యంగా ఒరుగుతున్నట్టు ఉంటుంది. వెనక టైర్లు ఒక అంచున ఎక్కువ అరుగుతాయి. కానీ ఇవే లక్షణాలు వేరే చోట్ల నుంచి కూడా రావచ్చు. షాక్ అబ్జార్బర్ పై మౌంటు, కొస విరిగిన స్ప్రింగు, సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు, ఇవన్నీ అలాంటి చప్పుడే చేస్తాయి. అందుకే ముందుగా డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, పనిముట్లు తీసేసి అదే రోడ్డు మీద మళ్లీ నడిపి చూడండి. కొన్నిసార్లు చప్పుడు అక్కడితోనే పోతుంది.

తర్వాత టార్చి వేసి బుష్‌ను దగ్గర నుంచి చూడండి. చాలా బుష్‌లలో రబ్బరు మధ్య నెలవంక ఆకారంలో రెండు ఖాళీలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు వాటిని చూసి చిరిగిపోయిందనుకుంటారు. అవి తయారీలోనే ఉంచిన ఖాళీలు, అంచులు నున్నగా ఉంటాయి. నిజంగా చిరిగినచోట అంచు గరుకుగా, పోగులు లేచినట్టు ఉంటుంది, చుట్టూ నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది. పైపైన కనిపించే సన్నని పగుళ్లు వయసు వల్ల వచ్చేవి, వాటికోసమే బుష్ మార్చక్కర్లేదు. రబ్బరు గొట్టం నుంచి ఊడి, ఆ సందులో సన్నని స్క్రూడ్రైవర్ కొస దూరుతుంటే మాత్రం దాని పని అయిపోయినట్టే. కొన్ని మోడళ్లలో బుష్ లోపల ద్రవం నింపి ఉంటుంది. అలాంటి బుష్ చుట్టూ నూనె తడి కనిపిస్తే అది పగిలిందని అర్థం.

చివరి పరీక్షకు అర మీటరు పొడవున్న బలమైన ఇనుప రాడ్ కావాలి. దాన్ని బ్రాకెట్‌కూ బీమ్ రింగుకూ మధ్య పెట్టి ముందుకూ వెనక్కూ ఎత్తి చూడండి. రబ్బరు కొద్దిగా సాగి, వదలగానే మళ్లీ తన చోటికి రావాలి. లోపలి గొట్టం ఠక్కుమని ఇనుముకు తగిలితే బుష్ మార్చాల్సిందే. ఒకవైపుదే పోయినా రెండూ కలిపే మార్చాలి. పాతదానికీ కొత్తదానికీ గట్టితనంలో తేడా ఉంటే బీమ్ ఒక పక్కకు లాగుతుంది.

ఇక్కడే బ్రాకెట్ పట్టుకున్న బాడీ రేకును కూడా తట్టి చూడండి. తుప్పు పట్టి రేకు పొరలుగా ఊడుతుంటే, సుత్తి దెబ్బకు లోపలికి నొక్కుకుంటే ముందు వెల్డింగ్ పని చేయించాలి. అలాంటి రేకు మీద కొత్త బుష్ వేసి లాభం లేదు.

ఏమేం కావాలి

బుష్‌లు రెండు, వాటి లోపలి గొట్టంలోంచి దూరే పివట్ బోల్టులు రెండు, వాటి నట్లు. ఒకే మోడల్‌లోనే ఏడాదిని బట్టి బీమ్ మారుతుంది, కాబట్టి ఛాసిస్ నంబరు చెప్పి తీసుకోవడం మంచిది. ఇంటికి తెచ్చాక బయటి వ్యాసం, పొడవు, బోల్టు రంధ్రం వెర్నియర్‌తో కొలిచి చూసుకోండి.

రబ్బరా, పాలీయురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్కా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. పాలీ బుష్ రెండు ముక్కలుగా వస్తుంది, చేత్తోనే దిగుతుంది, ఎక్కువకాలం మన్నుతుంది. అయితే గట్టిది కావడంతో రోడ్డు అదురు లోపలికి వస్తుంది, సిలికాన్ గ్రీజు ఎండిపోతే కిరకిరలాడుతుంది. అసలు సంగతి ఇంకొకటి ఉంది. కొన్ని బీమ్‌లలో బుష్‌లను ఏటవాలుగా కూర్చోబెడతారు, మలుపులో అవి ఒకవైపు మెత్తగా వంగి చక్రాల దిశను సరిచేయాలని. గట్టి పాలీ వేస్తే ఆ లెక్క పోతుంది. రోజూ నడిపే పాత కారుకు కంపెనీ కొలతల్లో ఉన్న రబ్బరు బుష్‌లే సరైనవి.

జాకీ, కారు బరువుకు తగిన రెండు స్టాండ్లు, ముందు చక్రాలకు అడ్డంపెట్టే చెక్కదిమ్మలు ఉండాలి. 16 నుంచి 21 మి.మీ. దాకా సాకెట్లు, బిగుసుకున్న నట్లు విప్పే 60 సెం.మీ. పొడవాటి పిడి (బ్రేకర్ బార్), ఎంత బలంతో బిగిస్తున్నామో 200 న్యూటన్ మీటర్ల దాకా చూపే టార్క్ రించ్, హాక్సా బ్లేడు, ఉలి, సుత్తి, వైర్ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, తెల్ల పెయింట్ పెన్ను తీసుకోండి.

బుష్ లాగే పుల్లర్ విడిగా దొరుకుతుంది, అద్దెకు దొరికితే ఇంకా మేలు. ఇంట్లో చేసుకోవాలంటే ఒక మర రాడ్, పొడవాటి నట్లు రెండు, మందపాటి వాషర్లు, నట్టు కింద రాపిడి తగ్గించే ఒక థ్రస్ట్ బేరింగ్, రెండు ఇనుప కప్పులు చాలు. రాడ్ విషయంలో మాత్రం రాజీపడకూడదు. మామూలు 4.8 గ్రేడు ఎం12 (12 మి.మీ. లావు) రాడ్ రెండున్నర టన్నుల లాగుడు దాటితే సాగిపోతుంది, దాని మరలు తినేస్తాయి. అదే ఎం12 రాడ్ 10.9 గ్రేడుదైతే ఏడు టన్నుల దాకా తట్టుకుంటుంది. లోపలి గొట్టంలోంచి దూరాలి కాబట్టి ఇంతకన్నా లావు రాడ్ సాధారణంగా పట్టదు. మరలకు మాలిబ్డినం గ్రీజు దట్టంగా పూయండి, తిప్పడం సగం తేలికవుతుంది.

కప్పులు రెండు రకాలు. నెట్టే కప్పు బయటి వ్యాసం బుష్ వ్యాసం కన్నా ఒక మి.మీ. తక్కువ ఉండాలి. బుష్ వచ్చి పడే కప్పు లోపలి వ్యాసం బుష్ కన్నా రెండు మూడు మి.మీ. ఎక్కువ ఉండి, దాని అంచు బీమ్ రింగు మీద ఆనాలి. లావు గోడ పైపు ముక్కలు, పాత పెద్ద సాకెట్లు ఇందుకు సరిపోతాయి.

ముందురోజుల పని

బోల్టులకు రెండు మూడు రోజుల ముందు నుంచే ఉదయం, సాయంత్రం స్ప్రే కొడుతూ ఉండండి. బయటికి కనిపించే మరల మీది మట్టిని వైర్ బ్రష్‌తో ముందే దులపాలి. తిప్పేటప్పుడు ఆ మట్టే నట్టులోకి పోయి పట్టేస్తుంది.

కారు నేల మీద నిలబడి ఉండగానే, లోపల మనుషులూ సామానూ లేకుండా, వెనక చక్రం మధ్య నుంచి దాని పైనున్న ఫెండర్ అంచు దాకా నిలువుగా ఎంత దూరముందో రెండువైపులా కొలిచి కాగితం మీద రాసుకోండి. చివర్లో ఈ రెండు అంకెలు లేకపోతే పని సరిగా ముగియదు.

లేపడం, దించడం

చదునైన కాంక్రీటు నేల కావాలి. ముందు చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, గేరులో ఉంచండి. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి, వెనక లేపాక దాన్ని నమ్మి లాభం లేదు. పైగా కేబుల్ వదులుగా ఉండాలి, దించేయండి. స్టాండ్లను బాడీ జాకింగ్ పాయింట్ల కింద పెట్టి, కారును గట్టిగా ఊపి చూసి, ఆ తర్వాతే కిందికి దూరండి. విప్పిన చక్రాలను బాడీ అంచు కింద పడుకోబెట్టండి. ఒకవేళ స్టాండు జారినా మనిషికి చోటు మిగులుతుంది.

ఏబీఎస్ వైరు, హ్యాండ్ బ్రేకు కేబుల్, బ్రేకు హోస్ (బ్రేకు ద్రవం వెళ్లే రబ్బరు గొట్టం) పట్టుకున్న క్లిప్పులన్నీ ఊడదీయండి. బ్రేకు హోస్ చాలా కార్లలో బుష్ పక్కనే ఉంటుంది. బీమ్ ముందు భాగం 12 నుంచి 15 సెం.మీ. దాకా దిగాలి. అంత దిగినప్పుడు హోస్ బిగుసుకుంటుందేమో ముందే చేత్తో లాగి చూసుకోండి. బీమ్ బరువు ఒక్క క్షణం కూడా హోస్ మీద పడకూడదు. పైకి కనిపించకుండా లోపలి పొర చిరిగి, ఎప్పుడో బ్రేకు కొట్టినప్పుడు పగులుతుంది.

జాకీని బీమ్ ముందు భాగానికి ఆనించి బరువు దాని మీదికి తీసుకోండి. రెండువైపులా బోల్టులు వదులు చేశాకే తీయడం మొదలుపెట్టాలి. ఒకవైపే తీసి లాగితే బీమ్ మెలిపడి రెండోవైపు బోల్టు పట్టేస్తుంది. రెండో మనిషి తోడుంటే మంచిది. బోల్టులు వచ్చాక మెల్లగా దించి, బీమ్‌కూ బాడీకీ మధ్య చెక్కదిమ్మ ఇరికించండి.

బ్రాకెట్‌ను బాడీకి పట్టుకున్న బోల్టుల జోలికి మాత్రం వెళ్లకండి. వాటి రంధ్రాలు కాస్త వదులుగా ఉంటాయి, అక్కడ కొద్దిగా జరిగినా వెనక చక్రాల దిశ మారిపోతుంది. మీ కారులో బ్రాకెట్ తీయక తప్పకపోతే దాని చుట్టూ పెయింట్ పెన్నుతో గీత గీసి మరీ తీయండి.

బోల్టు రాకపోతే

పాత కార్లలో ఎక్కువ సమయం ఇక్కడే పోతుంది. నట్టు ఊడుతుంది, బోల్టు తల కూడా తిరుగుతుంది, కానీ బోల్టు బయటికి రాదు. బోల్టుకూ లోపలి గొట్టానికీ మధ్య నారింజ రంగు తుప్పు సిమెంటులా గట్టిపడి రెండూ ఒకటైపోయి ఉంటాయి. తల తిప్పినప్పుడు రబ్బరు మెలిపడి, వదలగానే వెనక్కి తిరుగుతోందంటే జరుగుతున్నది ఇదే. ఒకే దిక్కుకు బలవంతం చేయకండి. పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ మధ్యలో స్ప్రే కొట్టండి. అయినా రాకపోతే బ్రాకెట్ రెక్కకూ బుష్ గొట్టానికీ మధ్య సందులో హాక్సా బ్లేడు పెట్టి బోల్టును రెండువైపులా కోసేయడమే మార్గం. కొత్త బోల్టులు ముందే కొనమన్నది ఇందుకే.

మంట పెట్టి వేడి చేయాలన్న ఆలోచన వద్దు. పెట్రోలు ట్యాంకు, దాని పైపులు, బ్రేకు పైపులు అన్నీ అక్కడికి జానెడు దూరంలోనే ఉంటాయి.

ఇంకో ప్రమాదం బాడీ లోపల వెల్డు చేసిన నట్టుతో. అది తన చోట ఊడి బోల్టుతో పాటు తిరగడం మొదలైతే రేకు కోసి పట్టుకోవాల్సి వస్తుంది. బోల్టు బిగుతుగా తిరుగుతూ కిర్రుమంటుంటే ఆపి, స్ప్రే కొట్టి ఓ రాత్రి వదిలేయడం చాలా మేలు.

పాతది తీయడం

తీసేముందు రెండు గుర్తులు పెట్టుకోవాలి. మొదటిది దిశ. పాత బుష్ మీద బాణమో గాడో ఉంటే అది రింగు మీద ఏ చోటుకు ఎదురుగా ఉందో పెయింట్ పెన్నుతో గీయండి, నెలవంక ఖాళీలు ఎటువైపున్నాయో ఫొటో తీయండి. ఖాళీ ఉన్న దిక్కులో బుష్ మెత్తగా, లేని దిక్కులో గట్టిగా ఉంటుంది. 90 డిగ్రీలు తిప్పి వేస్తే బ్రేకు వేసినప్పుడు గట్టిగా ఉండాల్సినచోట మెత్తనవుతుంది, బండి వెనక భాగం ఊగుతుంది. రెండోది లోతు. బయటి గొట్టం రింగు అంచు కన్నా ఎన్ని మి.మీ. బయటికి ఉందో వెర్నియర్‌తో కొలవండి.

బుష్‌కు ఒకవైపు అంచు పెదవిలా విచ్చుకుని ఉంటే అది ఆ వైపుకే బయటికి వస్తుంది. రెండోవైపు నుంచి నెట్టండి. రాడ్ దూర్చి, కప్పులు అమర్చి, నట్టు తిప్పుతూ పోతే మొదట ఏమీ కదలదు, ఆపైన ఠప్పుమని పెద్ద చప్పుడుతో తుప్పు పట్టు వదులుతుంది. అది వినగానే భయపడక్కర్లేదు.

అసలు కదలకపోతే రబ్బరును చుట్టూ 6 మి.మీ. డ్రిల్‌తో పొడిచి లోపలి గొట్టాన్ని ఊడబెరకండి. మిగిలిన బయటి గొట్టాన్ని లోపలి నుంచి హాక్సా బ్లేడుతో ఒక గీతగా కోయండి. రింగు తగలబోతుండగా ఆపి, ఉలితో ఆ కోత అంచును లోపలికి మడవండి. గొట్టం పట్టు సడలి చేతికి వస్తుంది. రింగు మీద సన్న గీత పడితే ఫర్వాలేదు, లోతైన గాడి పడితే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. రబ్బరును కాల్చి తీసే పద్ధతి కూడా ఉంది, కానీ ఆ పొగ విషం, పైన ట్యాంకు. ఆ దారి వద్దు.

కొత్తది దించడం

రింగు లోపల 120 నంబరు ఎమెరీ కాగితంతో తుప్పు మాత్రమే తీయండి, లోహాన్ని అరగదీయవద్దు. బుష్ బిగువుగా నిలిచేదే వ్యాసాల్లోని ఆ చిన్న తేడాతో. కూర్చునేచోట సబ్బు నీళ్లు లేదా సిలికాన్ గ్రీజు రాయండి. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు రబ్బరుకు తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది.

బుష్‌ను ఫ్రీజర్‌లో పెడితే జారి దిగుతుందని చాలామంది అంటారు. లెక్క చూడండి. 60 మి.మీ. వ్యాసం ఉన్న ఉక్కు గొట్టం 40 డిగ్రీలు చల్లబడితే కుంచించుకుపోయేది 0.03 మి.మీ. మాత్రమే. పెడితే నష్టమేమీ లేదు, కానీ పుల్లర్ పని అది చేయదు.

పాత గుర్తుకు ఎదురుగా కొత్త బాణం పెట్టండి. 60 మి.మీ. బుష్ మీద గుర్తు ఒక మి.మీ. జరిగిందంటే దాదాపు రెండు డిగ్రీలు తిరిగినట్టు. ఒకసారి లోపలికి దిగాక చేత్తో తిప్పడం కుదరదు, కాబట్టి సర్దుకోవాల్సిందంతా ఇప్పుడే. నెట్టే కప్పు బయటి గొట్టం అంచు మీదే ఆనాలి. రబ్బరు మీదో లోపలి గొట్టం మీదో బలం పడితే రబ్బరు అతుకు కొత్తగా ఉండగానే ఊడిపోతుంది, పైకి ఏమీ తెలియదు. మొదటి 5 మి.మీ. దిగగానే ఆపి నాలుగు వైపులా ఎంత దిగిందో కొలవండి. ఒక పక్క ఎక్కువ దిగితే వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. వంకరగా ఉండగా బలవంతం చేస్తే గొట్టం అంచు రింగును కోసేస్తుంది. ముందు కొలిచిన లోతు రాగానే ఆపండి.

బిగించడం

బీమ్ పైకి ఎత్తి బోల్టులు దూర్చి నట్లు చేత్తో తిరిగినంత వరకే తిప్పండి. హోస్, వైరు, కేబుల్ క్లిప్పులు మళ్లీ వాటి చోట్లలో పెట్టండి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా మాత్రం పివట్ బోల్టు బిగించవద్దు.

ఎందుకంటే, బుష్ నుంచి చక్రం మధ్యకు 45 సెం.మీ. ఉందనుకుందాం. స్టాండ్ల మీద చక్రం 10 సెం.మీ. కిందికి వేలాడితే బీమ్ దాదాపు 13 డిగ్రీలు తిరిగి ఉంటుంది. అప్పుడు బిగిస్తే లోపలి గొట్టం ఆ కోణంలో బంధించబడుతుంది. కారు నేలకు దిగగానే రబ్బరు 13 డిగ్రీలు మెలిపడి, రాత్రీ పగలూ నిలబడి ఉన్నా ఆ మెలికలోనే ఉంటుంది. గుంతలో పడినప్పుడు దాని మీద ఇంకొంత. కొన్ని నెలల్లోనే గొట్టం దగ్గర చిరుగుతుంది, అందాకా వెనక భాగం కాస్త ఎత్తుగా, గట్టిగా ఉంటుంది.

కాబట్టి చక్రాలు తొడిగి, వెడల్పాటి గట్టి చెక్క దిమ్మల మీదికి కారును దించి, కాస్త ముందుకూ వెనక్కూ దొర్లించి, డిక్కీ నొక్కి రెండు మూడు సార్లు ఊపండి. మళ్లీ ముందు చక్రాలకు అడ్డాలు పెట్టి, రాసుకున్న కొలతతో పోల్చి, అదే ఎత్తులో ఉంటే అప్పుడు టార్క్ రించ్‌తో బిగించండి. చెక్కల మీద చేయి దూరే చోటు లేకపోతే, బాడీ స్టాండ్ల మీద ఉండగా బీమ్‌ను చక్రం దగ్గర జాకీతో ఆ కొలత వచ్చేదాకా ఎత్తి బిగించవచ్చు. కానీ ఎత్తుతున్నకొద్దీ బాడీ స్టాండు మీద నుంచి లేస్తుందేమో కళ్లతో చూస్తూ ఉండాలి. లేవబోతే అక్కడే ఆపేయండి. లోపల తగినంత బరువు లేనిదే ఆ కొలత రాదు.

బిగింపు అంకె మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే తీసుకోండి. ఇన్ని న్యూటన్ మీటర్లు, ఆపైన ఇంకో 90 డిగ్రీలు అని రాసి ఉంటే ఆ బోల్టు సాగేరకం, ఒక్కసారికే పనికొస్తుంది. పాతదాన్ని మళ్లీ వాడితే అదే టార్క్ చూపించినా పట్టు రాదు. బిగించాక నట్టు మీంచి బ్రాకెట్ మీదికి తెల్ల గీత ఒకటి గీయండి.

బ్రేకు పెడల్ నొక్కి చూడండి, హ్యాండ్ బ్రేకు పట్టు చూడండి, ఏబీఎస్ లైటు ఆరిందో లేదో గమనించండి. మొదటి కొన్ని కిలోమీటర్లు మెల్లగా నడపండి. సబ్బు నీళ్లు ఆరేదాకా చిన్నగా కిరకిరమనడం మామూలే, రెండు రోజుల్లో పోవాలి. దబ్‌మనే పాత చప్పుడు ఇంకా వస్తుంటే షాక్ అబ్జార్బర్ పై మౌంటు వైపు చూడండి. వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ కిందికి దూరి తెల్ల గీత అతికినట్టే ఉందో లేదో చూడండి. గీత రెండుగా విడిపోతే నట్టు జరిగినట్టే, ఆ బోల్టు మళ్లీ నేల మీదున్న ఎత్తులోనే బిగించాలి. అలైన్‌మెంట్ కూడా ఒకసారి చూపించండి. ఇలాంటి బీమ్‌లకు సర్దుబాటు ఉండకపోయినా, వెనక చక్రాల కోణం మాన్యువల్ హద్దుల్లో లేదంటే బీమ్ వంగి ఉండవచ్చు, లేదా బ్రాకెట్ జరిగి ఉండవచ్చు.